సర్దిన నవ్వు

బాత్రూం తలుపుకు లోపల గడియ పడి చాలాసేపయింది.

"గువ్వా, తలుపు తియ్యవే. అమ్మనే కదా" అంది తల్లి. ఆ మాట ఎన్నోసారి అంటోందో ఆమెకే తెలియదు.

లోపల కొళాయి తిప్పిన చప్పుడు, పుక్కిలించి ఉమ్మిన చప్పుడు, మళ్ళీ కొళాయి. తరువాత ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడాన్నే తల్లి తట్టుకోలేకపోతోంది. చప్పుడు వినిపిస్తుంటే కనీసం మనిషి నిలబడి ఉన్నట్టు లెక్క. చప్పుడు ఆగితే కళ్ళు తిరిగి పడిపోయిందనీ, తలకు తొట్టి అంచు తగిలిందనీ, తలుపు పగలగొట్టడానికి వడ్రంగి దొరక్కపోతే ఏం గతి అనీ ఆమె మనసు అప్పుడే వీధి చివరిదాకా పరుగెత్తి వచ్చింది.

"ఉద్యోగం వచ్చిన పిల్ల ఇల్లంతా గంతులెయ్యాలి గానీ, ఇలా దూరి కూచోవడమేమిటి?" అంది నానమ్మ, హాల్లో కుర్చీలోంచి.

"మీరు కాసేపు ఊరుకోండి అత్తయ్యా. నాకు గుండె దడదడలాడుతోంది."

"నీ గుండె ఎప్పుడు ఆడలేదు గనక? పిల్ల తుమ్మితే ఆడుతుంది, తుమ్మకపోతే ఆడుతుంది."

గడియ తీసిన చప్పుడయింది. గువ్వ నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని బయటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏదీ, చూపించు."

తల అడ్డంగా ఊపింది.

"చూపించకపోతే ఇంకా భయంకరమైనవన్నీ ఊహించుకుంటాను. అది నీకు ఇష్టమేనా?"

అమ్మ ఊహలు ఎంత దూరం పోతాయో ఇరవై రెండేళ్ళుగా చూస్తున్న పిల్ల. మెల్లగా తువ్వాలు దించి, పెదవి పైకెత్తింది.

తల్లి దగ్గరికి వంగి చూసింది. చిగుళ్ళు పళ్ళను పట్టుకున్న చోటల్లా తెల్లగా పాలిపోయి, తడిసిన కాగితం అంటించినట్టున్నాయి. పళ్ళు తెల్లబడిన మాట నిజమే, కానీ మచ్చలు మచ్చలుగా. గోడకు ఒక చేయి సున్నం వేసి వదిలేసినట్టు. మధ్యలో ముందు పన్ను ఒక్కటి మాత్రం ఎప్పటిలాగే లేత పసుపు రంగులో నిలబడి ఉంది. మొన్నటిదాకా ఎవరి కంటా పడని పన్ను ఇప్పుడు నోరు తెరిస్తే ముందు అదే కనిపిస్తోంది.

"ఏం రాశావే?"

"జెల్."

"ఏం జెల్?"

"పళ్ళు తెల్లబడేది. తెప్పించుకున్నాను." పెదవి వాచి మాటలు ముద్దముద్దగా వస్తున్నాయి.

"ఎంతసేపు ఉంచుకోవాలని రాశారు దాని మీద?"

"అరగంట."

"నువ్వెంతసేపు ఉంచుకున్నావు?"

గువ్వ నేల చూపులు చూసింది. "పెట్టుకుని పడుకున్నాను."

"పడుకున్నావా. అది కడుపులోకి పోయి ఉంటే?"

"అంతకుముందు వారం రోజులు నిమ్మరసంలో వంటసోడా కలిపి తోమాను. ఏం తేడా రాలేదు. అందుకే."

తల్లికి అప్పుడు వెలిగింది. "అయితే ఫ్రిజ్‌లో నిమ్మకాయలు మాయం చేసింది నువ్వా? నేను మీ నానమ్మను అనుమానించాను కదే."

"నన్నా?" అంది నానమ్మ, చెంప మీద వేలు పెట్టుకుని. "నాకు కావలిస్తే దర్జాగా అడిగి తింటాను. పళ్ళు కట్టుడువైనా నోరు నాదే."

ఇంకొక రోజయితే గువ్వ పగలబడి నవ్వేది. ఇప్పుడు తువ్వాలు మళ్ళీ నోటికి అడ్డం పెట్టుకుంది. "దీనికి ఎక్కలేదమ్మా" అంది, ముందు పన్ను మీద వేలు పెట్టి. "అన్నిటికంటే దీనికే ఎక్కువ పెట్టాను. అయినా ఎక్కలేదు."

"అది క్యాప్ కదే. బడిలో మెట్ల మీద పడి పన్ను విరగ్గొట్టుకుంటే వేయించాం."

"క్యాప్ అయినా పన్నే కదా అనుకున్నాను."

"ఇంతకీ ఎందుకమ్మా ఈ పని? నీ పళ్ళకేమయింది? తిన్నగా, గట్టిగా ఉన్నాయి. కాస్త పసుపు. మీ నాన్నవీ అంతే."

"సోమవారం ఉద్యోగంలో చేరితే హోటలు వాళ్ళు నన్ను చూస్తారు" అంది గువ్వ. "ఇప్పటిదాకా ఫోటోనే చూశారు. ఫోటోలో ఉన్నది నేను కాదు."

*

మెట్లు దిగితే ఫోటో స్టూడియో. పైన ఇల్లు, కింద కొట్టు. తల్లి చెప్పులు కూడా వేసుకోకుండా దిగింది.

ఫోటోగ్రాఫర్, గువ్వ తండ్రి, కంప్యూటర్ ముందు ఉన్నాడు. తెర మీద ఎవరో పెద్దాయన ముఖం, తెరంత పెద్దదిగా. ఫోటోగ్రాఫర్ చేయి మౌస్ మీద మెల్లగా కదులుతోంది. కంటి కింద నలుపు పోయింది. ముక్కు పక్క పులిపిరి చిన్నదయింది. తరువాత బాణం గుర్తు పెదవుల మధ్యకు వెళ్ళింది. ఒక్కొక్క పన్నూ తెల్లబడింది. ఫోటోగ్రాఫర్ ఎవరినీ అడగడు, చేయమని ఆయన్ని ఎవరూ అడగరు. చేశాక మాత్రం ఇంతవరకూ ఎవరూ వద్దనలేదు. ఇంటికి తీసుకెళ్ళి, నేను ఇంత బాగుంటానా అని మురిసిపోతారు. స్టూడియోకు ఉన్న మంచిపేరంతా దాని వల్లే.

"ఏమండీ, కాస్త ఇటు తిరగండి."

"ఒక్క నిమిషం. పళ్ళ దగ్గరున్నాను."

"అక్కడే ఉండండి. మీరు ఎప్పుడూ అక్కడే ఉంటారు గనకనే పైన పిల్ల నోరు కాల్చుకుంది."

అప్పుడు తిరిగాడు. ఆమె చెప్పింది. చెప్పిందానికి తోడు ఇంకా జరగనివి కూడా చెప్పింది. చిగుళ్ళు ఊడిపోతాయనీ, విషం రక్తంలో కలుస్తుందనీ, ఫోటో మార్చి ఉద్యోగం కొట్టేసిందని హోటలు వాళ్ళు కేసు పెడితే ఇంటిల్లిపాదీ స్టేషను మెట్లెక్కాలనీ.

"కేసెందుకు పెడతారు? నేనేం ముఖం మార్చానా? చిన్నగా సర్దాను, అంతే."

"ఎవరు సర్దమన్నారు?"

"ఎవరంటారు? చేయి అలవాటు. నువ్వు చీర కుచ్చిళ్ళు చూసుకోకుండానే సర్దుకోవూ? అలాగే."

"నా కుచ్చిళ్ళు చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. హోటలు వాళ్ళు ఫోన్లోనే మాట్లాడి, ఫోటో తెప్పించుకుని, స్వాగత విభాగంలోకి గువ్వను తీసుకున్నారు. చెప్పిన మంచిమాట ఒక్కటే, మీ నవ్వు మాకు బాగా నచ్చింది అని. ఆ మాట విన్న రోజు కొట్టుకు వచ్చినవాళ్ళందరికీ మిఠాయి పంచింది ఆయనే.

మెట్ల మీద అలికిడయింది. గువ్వ దిగి వచ్చి 'కూతురి గోడ' ముందు నిలబడింది. ఆ గోడకు ఆ పేరు పెట్టింది తండ్రే. బోసినవ్వు నుంచి డిగ్రీ పట్టా దాకా, ఏడాదికొకటి చొప్పున అన్నీ ఆమె ఫోటోలే. కొత్తగా వచ్చినవాళ్ళను ఆయన ముందు ఆ గోడ దగ్గరికే తీసుకెళ్తాడు.

"నాన్నా, వీటిలో ఒక్కదానిలోనైనా నా పళ్ళున్నాయా?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని గోడవైపు చూశాడు. ఎవరో తగిలించి వెళ్ళిన ఫోటోలను చూసినట్టు చూశాడు.

"ఆ బోసినవ్వుది తప్ప" అంది గువ్వ. "అందులో పళ్ళు లేవు కాబట్టి వదిలేశావు."

"అందరికీ చేస్తానమ్మా."

"నేను అందరిలో ఒకదాన్నా?"

ఇలాంటి సమయంలో ఎవరో ఒకరు గట్టిగా అరిస్తే బాగుండును అనిపించింది తల్లికి. అరుపయితే ఎక్కడో ఒకచోట ఆగుతుంది. భర్త అరవలేదు. కూతురూ అరవలేదు.

అంతలో వీధి తలుపు తోసుకుని ఒక మనిషి వచ్చాడు. పాస్‌పోర్ట్ ఫోటో కావాలట. ఫోటోగ్రాఫర్ లేచి ఆయన్ని తెల్లతెర ముందు కూర్చోబెట్టాడు. "గడ్డం కొంచెం దించండి. భుజాలు వదులుగా." ఆ గొంతులో ఏ మార్పూ లేదు. ఇన్నేళ్ళ పని ఆ గొంతును మోసుకుపోతోంది.

"నా పళ్ళు కొంచెం గారపట్టాయండి" అన్నాడు వచ్చినాయన, మొహమాటంగా. "మీరు సర్దుతారని చెప్పారు మావాళ్ళు."

తల్లీ కూతురూ ఫోటోగ్రాఫర్ వైపు చూశారు.

"పాస్‌పోర్ట్‌కు నోరు మూసుకోవాలండి" అన్నాడు ఫోటోగ్రాఫర్ చివరికి.

*

పళ్ళ డాక్టరమ్మ గదిలో గువ్వకంటే తల్లే ముందు కుర్చీ అంచున కూర్చుంది.

"క్యాన్సర్ లాంటిదేమైనా వస్తుందా డాక్టరుగారూ?"

"రాదండి."

"పళ్ళు ఊడిపోతాయా?"

"ఊడవు."

"ఊడవంటే, ఇప్పుడు ఊడవా, ఎప్పటికీ ఊడవా?"

డాక్టరమ్మ నవ్వు ఆపుకుని దీపం గువ్వ నోటి మీదకు తిప్పింది. "ఎప్పటికీ అని నా పళ్ళకే మాటివ్వలేను. నువ్వు నోరు బాగా తెరువమ్మా. చల్లగాలి తగిలితే జిల్లుమంటోందా?"

గువ్వ కళ్ళు మూసుకుని తలూపింది.

డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. చిగుళ్ళు కాలాయి, అవి కొద్దిరోజుల్లో మానతాయి. జిల్లుమనడం కూడా తగ్గుతుంది. నిమ్మరసం పంటి పైపొరను మెత్తబరుస్తుంది, దాని మీద పొడి వేసి రుద్దితే అరిగిపోతుంది. అలా అరిగిన పొర మళ్ళీ పెరగదు. గువ్వ పంటి రంగు పైన పట్టిన మరక కాదు, లోపలి పొర రంగు. పుట్టుకతో వచ్చినది. ఎంత తోమినా అది పోదు.

"మరి ఈ పన్ను?" అంది తల్లి.

"క్యాప్‌కు ఏ మందూ ఎక్కదు. చేసినప్పుడు ఏ రంగో ఎప్పటికీ అదే రంగు. మార్చుకోవచ్చు, కానీ ముందు మిగతా పళ్ళ రంగు ఒక తీరున నిలబడాలి. కొన్ని వారాలు పడుతుంది."

"సోమవారం ఉద్యోగంలో చేరాలి" అంది గువ్వ.

"చేరు. మాట్లాడటానికి ఇబ్బంది లేదు. ఇంకేమీ రాయకు, అదొక్కటే నేను కోరేది." డాక్టరమ్మ అద్దం పక్కన పెట్టి, ఇంకొకసారి వంగి చూసింది. "ఈ క్యాప్ చేసినవాళ్ళెవరో గానీ చక్కగా చేశారు. నీ అసలు రంగుతో ఎంత బాగా కలిపారంటే, నువ్వు జెల్ పెట్టకపోయి ఉంటే ఇది పెట్టుడుదని నేను కూడా చటుక్కున గుర్తుపట్టేదాన్ని కాదు."

తిరిగి వస్తున్నప్పుడు బస్సులో తల్లి కూతురి పక్కన కూర్చుని ఆ మాటే తిప్పితిప్పి తలుచుకుంది. తన పిల్ల నోట్లో పెట్టుడు పన్ను ఒక్కటే ఇప్పుడు పిల్ల అసలు రంగుతో ఉంది. సొంత పళ్ళన్నీ పరాయివయ్యాయి. ఆమె పెద్దగా చదువుకోలేదు. ఆ ఆలోచనను ఎటు పట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. గువ్వ కిటికీవైపు తిరిగి, పెదవులు బిగించి కూర్చుంది. కిటికీ సందులోంచి వచ్చే గాలికి ఆమె చెంప ఉండుండి అదురుతోంది. తల్లి లేచి కిటికీ మూసింది. ఆమెకు తెలిసిన సాయం అదొక్కటే.

*

సాయంత్రం కొట్టు కట్టేయబోతుండగా హోటలు నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడేది అక్కడి అధికారిణి. గొంతు ఎంతో ఆదరంగా ఉంది. కొత్తగా చేరేవాళ్ళ ఫోటోలు ద్వారం దగ్గర పెద్ద తెర మీద వేస్తారట. గువ్వ ఫోటో చిన్న సైజులో ఉంది, ఈ రాత్రికి పెద్దది పంపగలదా అని అడిగింది. వేరేది మంచిది ఉంటే అదైనా పరవాలేదు, నవ్వు మాత్రం ఉండాలి.

"పంపిస్తానండి" అంది గువ్వ. ఫోన్ పెట్టేసి, ముద్దమాటలతోనే తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, ఆ రోజు తీసినదాని ఒరిజినల్ ఇవ్వు. సర్దకముందుది."

ఫోటోగ్రాఫర్ మౌస్ పట్టుకున్నాడు, వదిలేశాడు.

"లేదమ్మా."

"లేకపోవడమేమిటి? ముక్కూ ముఖం తెలియనివాళ్ళ ఒరిజినల్స్ కూడా ఏళ్ళ తరబడి దాస్తావు కదా."

"వాళ్ళు వచ్చి అడుగుతారని దాస్తాను. నీవి ఎవరడుగుతారు? సర్దినదే ఉంచుకుని అసలుది తీసేస్తాను. మొదటి నుంచీ అంతే."

తల్లి గోడను పట్టుకుంది. ఇరవై రెండేళ్ళ పిల్ల. ఇంటినిండా ఫోటోలు. పళ్ళొచ్చాక తీసిన ఒక్కదాంట్లోనూ పిల్ల లేదు. ఏ నిప్పో నీళ్ళో వచ్చి ఫోటోలన్నీ పోతాయేమోనని ఆమె ఎన్ని రాత్రులు భయపడిందో. ఆమె భయపడిన ఫోటోలు ఎప్పుడూ లేనే లేవు. ఇన్ని భయాల్లో ఈ ఒక్కటి ఎందుకు తట్టలేదో ఆమెకు అర్థం కాలేదు.

"అయితే ఇప్పుడు తియ్యి" అంది గువ్వ.

"ఇప్పుడా? నోరు వాచి ఉంది కదమ్మా."

"ఇలాగే తియ్యి. సోమవారం వెళ్ళేది ఈ నోరే."

ఆమె వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. ఆయన దీపాలు వేశాడు. కెమెరా వెనక నిలబడి ఎప్పటి మాట అనబోయాడు, గడ్డం కొంచెం దించు అని. అనలేదు. గువ్వ పెదవులు విప్పి నవ్వింది. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరుగుతూనే నవ్వింది. ఆయన నొక్కాడు.

ఫోటో కంప్యూటర్ తెర మీదకు వచ్చింది. ముగ్గురూ వంగి చూశారు.

వాచిన పెదవి. పాలిపోయిన చిగుళ్ళు. మచ్చల పళ్ళ మధ్య ఆ ఒక్క పసుపు పన్ను. స్టూడియో దీపాలు దేన్నీ దాచలేదు.

గువ్వ అలా చూస్తూ ఉండిపోయింది. పొద్దుటి నుంచి ఆమె ముఖంలో నిలబడిన పౌరుషం కొద్దికొద్దిగా జారిపోవడం తల్లి కళ్ళకు కనిపిస్తోంది.

"నాన్నా" అంది చివరికి, చాలా మెల్లగా. "కొంచెం సర్దు."

ఆయన మౌస్ మీంచి చేయి తీసేశాడు.

"కొంచెమే. ఆ పన్ను ఒక్కటి. ఇలా పంపితే ఉద్యోగం ఉంటుందా?"

"చెయ్యలేనమ్మా."

"పొద్దున నేనేదో అన్నానని కోపమా?"

"కోపం కాదు." ఆయన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు, ఎవరివో చేతులను కాపలా కాస్తున్నట్టు. "నీ ముఖం మీద ఇంక చేయి పెట్టలేను. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నానో తెలియకుండా చేశాను. ఇప్పుడు తెలిసింది కదా."

"అందరికీ చేస్తావు. నాకు చెయ్యవా?"

"నువ్వు అందరిలో ఒకదానివా?"

కూతురు ముఖం చేతుల్లో దాచుకుంది. కాసేపటికి తలెత్తి, "నువ్వు చెప్పమ్మా. నువ్వు చెబితే వింటారు" అంది.

ఇద్దరూ తల్లివైపు తిరిగారు.

పొద్దున ఈ మనిషిని ఇదే పని చేసినందుకు నిలదీసింది ఆమె. ఇప్పుడు నాలుక చివర ఉన్న మాట మాత్రం, చెయ్యండి, ఈ ఒక్కసారికి చెయ్యండి అనే. ఉద్యోగం పోతే పిల్ల మళ్ళీ ఆ బాత్రూంలో గడియ పెట్టుకుంటుంది. పెద్ద ఫోటో చూసి రావద్దంటే, మళ్ళీ ఎవరి ముందూ నోరు తెరవదు. సరే, సర్ది పంపితే? సోమవారం ఆ తెర పక్కనే నిలబడాలి. వచ్చేవాళ్ళు తెరనూ చూస్తారు, పిల్లనూ చూస్తారు. ప్రతిరోజూ, ప్రతి ఒక్కరూ. ఆమె మనసు రెండు దారుల్లోనూ చివరిదాకా పరుగెత్తింది. రెండు చోట్లా చీకటే కనిపించింది.

జీవితంలో మొదటిసారి, ఏ దారిలో ఎక్కువ భయపడాలో ఆమెకు తేలలేదు.

స్టూలు లాక్కుని తెర ముందు కూర్చుంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"చెప్పమ్మా" అంది గువ్వ.

"చెబుతాను. అంత తొందరపెట్టకు" అంది తల్లి. తరువాత భర్తతో, "ముందు దీన్ని పెద్దది చెయ్యండి. పిల్ల నోరు నేనొకసారి సరిగ్గా చూడాలి" అంది.

ఆయన పెద్దది చేశాడు.

"ఇంకా పెద్దది" అంది ఆమె.